కొంగ ముక్కున చేప

మార్చి 3, సోమవారం

ఫిర్యాదు సాక్షాత్తు రిజిస్ట్రారు గారినుంచే వచ్చింది. శనివారం ఎవరో అతిథులకు క్యాంపస్ చూపిస్తూ పిల్లల గదిలోకి తీసుకెళ్ళారట. ఉద్యోగుల పసిపిల్లల్ని పగలంతా చూసుకునే గది అది. అక్కడ గోడమీద మన విశ్వవిద్యాలయం కొంగ నోట చేప కరుచుకుని నిలబడి ఉందట. ఫోటో కూడా జతచేశారు. ఆయన చెప్పిందాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు.

మన చిహ్నంలో కొంగ తెరిచిన పుస్తకం మీద నిలబడి కుడివైపుకు చూస్తుంది. కింద మూడు అలలు. ఒకే ఒక్క నీలం. ముక్కు ఖాళీ. గోడమీది కొంగేమో ఎడమవైపుకు చూస్తోంది. పొట్టకు పసుపు రంగు, ముక్కున చేప, పుస్తకం పేజీలనిండా పిల్లల అరచేతి ముద్రలు. ఒక్క బొమ్మలో నాలుగు తప్పులు. లోగో నియమావళి రాసినవాణ్ణి నేను, అరవై రెండు పేజీలు. ఇన్ని తప్పులు ఒకేచోట చేసి చూపించిన విభాగం ఇంతవరకు తగల్లేదు.

పిల్లల గది ఇన్‌చార్జి మా ఆవిడ.

మధ్యాహ్నానికల్లా నోటీసు తయారుచేశాను. మూడు రోజుల గడువు, అందరికీ ఇచ్చేదే. ఫుట్‌బాల్ జట్టు చొక్కాలమీద కొంగ బంతి తన్నుతుంటే మొత్తం చొక్కాలన్నీ వెనక్కి తెప్పించాను. మట్టి శాస్త్రం ప్రొఫెసరు తన విభాగం బోర్డుమీద కొంగ భుజాన పార తగిలిస్తే నిచ్చెన వేయించి దింపించాను. ఆయన ఇప్పటికీ నా మొహం చూడడు. ఇంట్లోవాళ్ళకొక న్యాయం, బయటివాళ్ళకొక న్యాయం అంటే రేపు అలాంటివాళ్ళ ముందు నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

సాయంత్రం ఇంట్లో అంతా మామూలే. భోజనం దగ్గర ఆవిడ ఎవరో పిల్ల సంగతి చెప్పింది, అన్నం తినదట, ఎలాగో దారికి తెచ్చిందట. సగం విన్నాను. కూరలో ఉప్పు చాల్లేదంటే తెచ్చి ఇచ్చింది. నోటీసు మాట నేను ఎత్తలేదు. అది రేపు ఆఫీసు దారిన అందుతుంది. ఆఫీసు ఆఫీసే, ఇల్లు ఇల్లే. ఇవాళ ఒక మంచిపని చేశానన్న తృప్తి ఉంది.

మార్చి 4, మంగళవారం

నోటీసు పొద్దున్నే చేరిందని అటెండరు చెప్పాడు.

సాయంత్రం ఆవిడ ఏమడుగుతుందో, దానికి నేనేం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకుని ఇంటికి వచ్చాను. నియమం ఎన్నో పేజీలో ఉందో కూడా చూసి పెట్టుకున్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. వడ్డించింది. తాను తర్వాత తింటానంది. అర్థం చేసుకుందనే అనుకుంటున్నాను.

మార్చి 5, బుధవారం

ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. వదినకు మోకాలి నొప్పి. నాలుగు వీధుల అవతలే ఇల్లు. సాయానికి మనిషి కావాలి కదా.

రెండు సంచులు తీసుకెళ్ళింది. మోకాలికి రెండు సంచులెందుకో అడగలేదు.

మార్చి 6, గురువారం

మట్టి ప్రొఫెసరు మెట్లమీద ఎదురై, అదీ పదిమందిలో, కొంగ జపం బాగా సాగుతోందా అన్నాడు. ఆయన నవ్వాడు, చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పిల్లల గది నోటీసు అప్పుడే అందరికీ తెలిసిపోయినట్టుంది. నన్ను వెనకాల ‘స్కేలు సారు’ అంటారని నాకు తెలుసు. జేబులో స్టీలు స్కేలు ఉంటుంది, నిజమే. చిహ్నం చుట్టూ కొంగ తలంత ఖాళీ ఉండాలని నియమం. కొలవకుండా ఎలా తెలుస్తుంది? పేరుదేముంది, పెట్టుకోనివ్వండి.

రాత్రికి హోటల్లో తిన్నాను. వాళ్ళ మెనూకార్డుమీద వాళ్ళ గుర్తు మూడుచోట్ల మూడు రకాలుగా ఉంది. తిండి కూడా అలాగే ఉంది.

మార్చి 7, శుక్రవారం

గడువు ఇవాళ్టితో సరి. గోడమీద సున్నం వేయడానికి పెయింటరును పంపాను. గంటలో ఫోన్ చేశాడు.

“సార్, కాగితంలో కొంగ అని ఉంది. కొంగని చెరిపేశాను. చేప కూడా మీదేనా?”

ఎంత ఆలోచించినా చేప మనది అని చెప్పడానికి ఆధారం దొరకలేదు. చిహ్నంలో చేప లేదు. లేనిదాన్ని చెరిపించే అధికారం నాకు లేదు. ఉండనీ అన్నాను. చేతిముద్రల సంగతేమిటన్నాడు. అవీ మనవి కావు. కాబట్టి ఇప్పుడు ఆ గోడమీద మధ్యలో తెల్లటి మచ్చ, దాని పైభాగాన గాలిలో ఒక చేప, కింద బోలెడు చిన్న చేతులు ఉన్నాయట. నియమం ప్రకారం అంతా సవ్యంగా ఉంది.

మార్చి 8, శనివారం

కూతురు వాళ్ళ ఊరినుంచి ఫోన్ చేసింది. పెద్దమ్మ మోకాలి సంగతి చెప్పాను. “అలాగా నాన్నా” అంది. ఇంకేమీ అడగలేదు. ఇంత తక్కువ మాట్లాడే పిల్ల కాదది.

మార్చి 10, సోమవారం

అకౌంట్సులో పనిచేసే అమ్మాయి నా గదికి వచ్చింది. జీతం తప్పు పడిందని చెప్పడానికి వచ్చిందేమో అనుకున్నాను. కాదు. వాళ్ళ పాపకు మూడేళ్ళు. రోజంతా పిల్లల గదిలోనే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నంనుంచి ఆ గదిలో అన్నం ముట్టడం లేదట. కొంగేది, కొంగ అన్నం తినకుండా వెళ్ళిపోయింది, అది వస్తేనే నేనూ తింటాను అని మొండికేసిందట. ఇంతకుముందు గోడ దగ్గర కూర్చోబెట్టి, కొంగ చేప తిన్నది, ఇప్పుడు నీ వంతు అని మా ఆవిడే తినిపించేదట. కొంగ ఎడమవైపుకు ఎందుకు చూస్తోందో అప్పుడు తెలిసింది. పాప కూర్చునే మూల అటే ఉంది.

పిల్లల తిండి నా శాఖ కాదమ్మా అని చెప్పాను. తెలుసు సార్, అయినా ఒక మాట చెబుదామని వచ్చాను అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణి.

పాప సంగతి ఆవిడ ఆ రోజు చెప్పిందే. నేను ఉప్పు అడిగినప్పుడు.

మార్చి 11, మంగళవారం

నా కిటికీలోంచి చూస్తే పిల్లల గది వెనకభాగం కనబడుతుంది. కుళాయి, తీగమీద ఆరేసిన చిన్న చిన్న ఏప్రన్లు. వాన వస్తుందేమోనని ఇవాళ అయిదారుసార్లు చూశాను. మూడోసారి చూసినప్పుడు ఆవిడ గిన్నెలు కడుగుతోంది. పైకి చూడలేదు. ఆకాశంలో మబ్బు లేదు.

మార్చి 12, బుధవారం

బస్టాపు దగ్గర వదినను చూశాను. కదిలిపోతున్న బస్సు వెనకాల పరుగెత్తి, కడ్డీ పట్టుకుని, ఒక్క ఊపున ఎక్కేసింది. చేతిలో బరువైన సంచి కూడా ఉంది. చూశానని నేను ఒప్పుకునేలోగా ఆమే నన్ను చూసింది. తర్వాతి స్టాపులో దిగి మళ్ళీ వెనక్కి నడిచి వచ్చింది.

మోకాలు ఎలా ఉందన్నాను.

“నా మోకాలికేమైంది?” అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతిలోని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆమె పెద్దగా నవ్వింది. నవ్వాక మాత్రం గొంతు మార్చింది.

“చూడు మరిదీ, చెల్లెలు నా ఇంట్లో ఎన్నాళ్ళున్నా నాకు బరువు కాదు. కానీ అది రాత్రిళ్ళు మాట్లాడ్డంలేదు. పక్కమనిషి మాట్లాడకపోతే ఎలా ఉంటుందో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వెప్పుడూ అలాగే ఉంటావు కాబట్టి.”

నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి ఇల్లంతా ఊడ్చాను. ఎవరి మోకాలికీ ఏమీ కాలేదు. మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో కూడా ఆ మాట రాయలేకపోయాను.

మార్చి 13, గురువారం

తనిఖీ పేరు చెప్పుకుని పిల్లల గదికి వెళ్ళాను. స్కేలు తీసుకెళ్ళలేదు.

గోడమీద కొంగ మళ్ళీ ఉంది. రంగు ఇంకా తడిగానే ఉంది. మునుపటికంటే కాస్త లావుగా వచ్చింది, కానీ పుస్తకం, అలలు, నీలం అన్నీ మనవే. ముక్కున అదే పాత చేప, సరిగ్గా దొరికేటట్టు దాని దగ్గరికి ముక్కు సాగదీసి మా ఆవిడే వేసింది. గోడవార చాపమీద మూడేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. మా ఆవిడ కింద కూర్చుని ఒక ముద్ద గోడవైపు చూపించి, అదే ముద్ద పిల్ల నోట్లో పెడుతోంది. పిల్ల నన్ను చూసి నమలడం ఆపింది. నేను తలుపు పక్కకు తప్పుకున్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. మళ్ళీ నోటీసు ఇస్తే ఇచ్చుకోమంది, ఈ పిల్ల నాలుగు రోజులు పస్తు ఉందని, తన చేతనైంది తాను చేశానని చెప్పింది. నేను నా పక్షం చెప్పుకున్నాను. నియమం, అందరికీ ఒకటే, ఫుట్‌బాల్ చొక్కాలు, పార, అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని అప్పుడు అంది.

“నోటీసు ఇచ్చారని కాదండీ నా బాధ. అది మీ ఉద్యోగం. ముందురోజు రాత్రి నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ఉప్పు అడిగారు, ఇచ్చాను. మనసులో అంత పెట్టుకుని నాకు ఒక్క మాట చెప్పలేదు. పొద్దున అటెండరు చేతుల్లోంచి, పిల్లల తల్లుల ముందు, ‘పిల్లల గది ఇన్‌చార్జికి’ అని నా మొగుడు రాసిన కాగితం తీసుకున్నాను. ఇంట్లో నేనెవరిని?”

జవాబు చెప్పాలని నోరు తెరిచాను. లోపల ఎవరో పిల్లవాడు ఏడ్చాడు, ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ సోమవారం రాత్రి నేను తృప్తిగా ఉందని రాసుకున్నాను. వెనక్కి తిప్పి చూశాను. అవును, అదే మాట. సిగ్గేసింది.

మార్చి 14, శుక్రవారం

రెండో కొంగ సంగతి దాచలేదు. నేనే రిజిస్ట్రారు గారికి చెప్పాను. దాంతోపాటు లోగో కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన పెడతానన్నాను. పిల్లల గదికి మినహాయింపు ఇవ్వాలని. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. మంగళవారం పెట్టుకుందామన్నారు.

మార్చి 16, ఆదివారం

ప్రతిపాదన ఎనిమిదిసార్లు తిరగరాశాను. కుదరడం లేదు. వద్దని రాయడం అలవాటైన చేయి ఇది.

మార్చి 18, మంగళవారం

తాను తీసిన గోతిలో తానే పడటం అంటే ఏమిటో ఇవాళ కమిటీ గదిలో తెలిసింది.

నేను చదివాను. పిల్లలు, తిండి, ఎడమవైపు ఎందుకు, చేప ఎందుకు. మట్టి ప్రొఫెసరు కమిటీ సభ్యుడు. ఆయన మెల్లగా, చాలా మర్యాదగా, స్కేలు సారు గారింటి కొంగ చేప తినొచ్చుగానీ మా కొంగ పార మొయ్యకూడదా అని అడిగాడు. క్రీడల విభాగం ఆయన వెంటనే చొక్కాలు గుర్తుచేశాడు. నేను నియమావళి స్ఫూర్తి గురించి ఏదో మొదలుపెట్టాను. రిజిస్ట్రారు గారు నా పుస్తకమే తెరిచి నాకే చదివి వినిపించారు. “ఏ కారణం చేతనూ, ఏ విభాగానికీ మినహాయింపు లేదు.” లావు అక్షరాల్లో ఉంది. ఆ లావు అక్షరాలు నేను పోట్లాడి పెట్టించుకున్నవి.

ప్రతిపాదన వీగిపోయింది. రేపు రెండో నోటీసు నేనే రాయాలి. ఆశ్చర్యం ఏమిటంటే వాళ్ళమీద నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో నేనుంటే నాకు వ్యతిరేకంగా నేనే చెయ్యెత్తేవాణ్ణి. బయటికి వచ్చాక మట్టి ప్రొఫెసరు వరండాలో ఆగి, పాప ఇప్పుడు తింటోందా అని అడిగాడు. తింటోందన్నాను. మంచిది అని వెళ్ళిపోయాడు.

మార్చి 19, బుధవారం

నోటీసు సాయంత్రానికి సిద్ధమైంది. అటెండరు పెట్టెలో వేశాను, రేపు పొద్దున వెళుతుంది. తర్వాత ఇంటికి పోకుండా వదినగారింటికి నడిచాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను, అదీ రాస్తున్నాను.

వాళ్ళు భోజనానికి కూర్చోబోతున్నారు. వదిన నన్ను చూసి ఇంకో కంచం తెచ్చి పెట్టింది. నేను కూర్చోకుండానే చెప్పాను.

“రేపు నీకు నోటీసు వస్తుంది. కొంగని చెరిపేయాలి. కమిటీలో అడిగాను, ఓడిపోయాను. ముందుగా చెబుదామని వచ్చాను.”

కూర్చోండి, చల్లారిపోతుంది అంది ఆవిడ. కూర్చున్నాను. వదిన వంటింట్లోకి వెళ్ళి అక్కర్లేని గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

ఓడిపోవడం ఎలా జరిగిందో ఆవిడ అడిగింది. పార సంగతి, లావు అక్షరాల సంగతి చెప్పాను. లావు అక్షరాల దగ్గర నవ్వింది. పదిహేను రోజుల తర్వాత ఆ నవ్వు వినడం ఎంత బాగుందో రాయడానికి నా దగ్గర మాటలు లేవు. తర్వాత కంచంలో వేలితో గీతలు గీస్తూ, నోటీసులో ఉన్నది తప్పదుగానీ పిల్ల అన్నం మాటేమిటో చెప్పమంది. నేను అన్నం కలుపుకున్నాను.

“సరే, ఇది చెప్పండి. ఎలాంటి కొంగైతే మీది కాదు?”

లోగో ఆఫీసులో నేనున్న పద్దెనిమిదేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ ఇది చెయ్యొచ్చా అని అడుగుతారు, నేను వద్దంటాను, అక్కడితో సరి. కానీ జవాబు నాలుక చివరే ఉంది, పుస్తకంలో ఆఖరి పేజీల్లో నేనే రాశాను. పుస్తకం తీసెయ్యి. అలలు తీసెయ్యి. ఆ నీలం వాడకు. గోధుమరంగు వెయ్యి, నెత్తిన నాలుగు ఈకలు పెట్టు. అది ఊరికే కొంగ. దానిమీద విశ్వవిద్యాలయానికి హక్కు లేదు. ఎటు చూసినా, ఏం తిన్నా అడిగేవాడు లేడు. వదినగారి పాల లెక్క కాగితం వెనకాల గీసి చూపించాను. నా కొంగ బాతులా వచ్చింది.

ఆవిడ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

“ఈ మాట ఆ సోమవారమే అన్నం దగ్గర చెప్పి ఉంటే సరిపోయేది కదండీ” అంది.

అవును. సరిపోయేది. పాప నాలుగు రోజులు పస్తుండేది కాదు. ఈవిడ రెండు సంచులు సర్దుకునేది కాదు. నా పుస్తకం నాకు కంఠతా వచ్చు, నా పెళ్ళానికి పనికొచ్చే ముక్క మాత్రం నోటిలోంచి రాలేదు. తప్పు నాదే అన్నాను. ఇంతకంటే పెద్దగా ఏదో అనాలనుకున్నాను, అదే వచ్చింది. ఆవిడ తలూపింది.

మేం బయల్దేరుతుంటే వదిన గుమ్మంలోకి వచ్చి, “అయితే నా మోకాలు నయమైనట్టేనా మరిదీ?” అని అడిగింది. ఒక సంచి నేను, ఒక సంచి ఆవిడ పట్టుకున్నాం.

నాలుగు వీధులే అయినా సంచులు బరువని బస్సెక్కాం. కమిటీలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ముందు చెయ్యెత్తారో, రిజిస్ట్రారు గారు కళ్ళజోడు ఎలా తీశారో మొదలుపెట్టాను. ఇంటికి వచ్చాక కూడా చెబుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళ ఆఫీసు కదా, ఎక్కడెక్కడివో గుర్తొస్తున్నాయి. మధ్యలో చూస్తే ఆవిడ కుర్చీలోనే కునుకు తీస్తోంది. లేపి, వదిలిపెట్టిన చోటినుంచి చెప్పాను.